మా సందేహములు – మా విశ్వాసము

వార్షిక సంచికకు ఏదైనను వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు అడిగినపుడు, అన్నదమ్ములమైన మేమిద్దరము కలిసి ఒక్క వ్యాసమే వ్రాసెదమని మనవి చేసికొంటిమి. మేము వ్రాయదలచిన సంగతి మా ఇద్దరికిని ఒక్కటే. వసతిగృహములో మా గది ఒక్కటి; గూటిలోని బైబిలు ఒక్కటి; ఆ గ్రంథమును గూర్చి మిత్రులు వేసిన ప్రశ్నలకు బదులు చెప్పలేక తలలు వంచుకొన్నవారమును మేమిద్దరమే. ఒకని సంగతి వేరుగా చెప్పవలసిన చోట పెద్దవాడు, చిన్నవాడు అని వ్రాసితిమి.

మాది లేపాక్షి. పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు ఏదైనను నేల మాత్రము ఆ కరవు సీమ నేలయే. మేఘము వచ్చి పలుకరించి పోవును గాని నిలిచి కురియదు. చెనక్కాయ విత్తిన రైతునకు ఆకాశము వంక చూచుటయే సేద్యములో సగము పని. అట్టి ఊరికి దూరదేశముల నుండి జనులు వచ్చుట వీరభద్రాలయమును, ఒంటిరాతి నందిని చూచుటకై. చిన్ననాడు సెలవు దినములలో మేము యాత్రికుల వెంట తిరుగుచు గైడులు చెప్పు కథలన్నియు కంఠస్థము చేసితిమి. రెక్కలు తెగి పడియున్న జటాయువును చూచి శ్రీరాముడు ‘లే పక్షీ’ అనెనట. ఊరికి ఆ పేరు వచ్చెనట. ఖజానా ధనమును గుడికి వ్యయపరచెనని రాజు ఆగ్రహింపగా విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరెనట. గోడపైని ఎర్రని మరకలు అవియేనట. తల్లి వంట ముగించులోపల శిల్పులు ఏడు పడగల నాగేంద్రుని చెక్కి ముగించిరట.

ఈ ‘అట’లన్నియు ఒక వైపు. మరియొక వైపు శాసనములు కలవు. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, అనగా 16వ శతాబ్దిలో, విరూపణ్ణ ఈ ఆలయ నిర్మాణమునకు పూనుకొనిన వాడని రాతి ఆధారము కలదు. కన్నుల కథను నమ్మనివాడును విరూపణ్ణను కాదనలేడు. శాసనము చదివినవాడును ఆ మరకల యెదుట క్షణకాలము మౌనముగా నిలువక పోడు. చరిత్రయు, కథయు, భక్తియు ఒకే గోడకు ఆనుకొని యుండుటను మేము పుట్టిన ఊరిలోనే చూచితిమి. అయినను ఆ వివేచనను మా సొంత గ్రంథమునకు వర్తింపజేయవలసిన దినము వచ్చునని మేమెన్నడును తలపలేదు.

మా సీమకు సువార్త వచ్చి రెండు శతాబ్దములు దాటినది. లండన్ మిషనరీ సొసైటీవారు 1810లో బళ్ళారిలోను, 1822లో కడపలోను పని ఆరంభించిరి. మా ఇంట క్రైస్తవము మూడు తరములది. మా సంఘము మిక్కిలి చిన్నది. పది పన్నెండు కుటుంబములకు మించదు. అయ్యగారు నెలకొక పర్యాయము వచ్చెడివారు. తక్కిన ఆదివారములలో మా నాయనయే వాక్యము చదివెడివారు. ఆయన చదువు అయిదవ తరగతితో ఆగినది. రెండెకరముల మెట్టచేను, ఒక జత ఎద్దులు, అట్ట ఊడిపోగా పురికొసతో కట్టిన బైబిలు – ఇవి ఆయన ఆస్తి. చెమటయు, చేని దుమ్మును పట్టి ఆ పుటల అంచులు ఎర్రబారి యుండెను. సువార్త అనగా మాకు ఆ కంఠస్వరమే. మత్తయి ఎవరు, మార్కు ఎవరు, ఎవరు ఎప్పుడు వ్రాసిరి అను ప్రశ్న మాకు పుట్టనే లేదు.

ఆ ప్రశ్న ఈ కళాశాలలో పుట్టెను. వసతిగృహములో మాకు ఇరువురు ఆప్తమిత్రులు కలరు. ఒకడు హేతువాది; ఏ దేవుని గుడికిని పోడు. ఇంకొకడు ముస్లిము సోదరుడు; అయిదు వేళలు నమాజు తప్పనివాడు. హేతువాది మిత్రుడు ఒకనాటి రాత్రి తెల్లకాగితముపై వరుసగా సంఖ్యలు వేసి కొన్ని ప్రశ్నలు వ్రాసి మా చేతికిచ్చెను. హేరోదు రాజు క్రీ.పూ. 4లో మరణించెనని చరిత్రకారులు సామాన్యముగా చెప్పుదురు. కురేనియు కాలపు జనసంఖ్య క్రీ.శ. 6లో జరిగినది. అట్లయిన యేసు ఈ రెండు కాలములందును పుట్టినట్లు లూకా యెట్లు వ్రాసెను? పస్కా భోజనము చేసిన మరునాడు సిలువ వేయబడెనని మార్కు వలన తెలియుచుండగా, పస్కా భోజనమునకు ముందే వేయబడెనని యోహాను వలన తెలియుచున్నదేమి? మార్కు సువార్తలోని కడపటి పండ్రెండు వచనములు అతి పురాతనమైన ప్రతులలో లేవను మాట నిజమా కాదా? చివర నున్నది ప్రశ్న కాదు, పోటు: ‘మీ పూర్వులు కరవులో గంజి కొరకు క్రైస్తవులైరి గదా!’

ముస్లిము మిత్రుని ప్రశ్న వేరు విధమైనది. ఈసా ప్రవక్త పేరెత్తినప్పుడెల్ల ‘అలైహిస్సలామ్’ అని చేర్చక పలుకనివాడతడు. అతడు మృదువుగా ఇట్లడిగెను: “భాయీ, మా దగ్గర ఒక హదీసు చెప్పాలంటే ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ పేర్లన్నీ వరుసగా చెప్పాలి. దాన్ని ఇస్నాద్ అంటాము. ఆ వరుసలో ఒక్కడు నమ్మదగినవాడు కాకపోయినా ఇమాం బుఖారీ ఆ మాటను పక్కన పెట్టేసేవారు. మీ మార్కు ఎవరి దగ్గర విన్నాడు?”

మొదట మాకు కోపము వచ్చినది. వాస్తవము చెప్పవలెనన్న అది కోపము కాదు, భయము. వారము దినములు ఆ మిత్రులతో సరిగా మాటలాడలేదు. పిమ్మట గ్రంథాలయమునకు పోయి, దొరికిన పుస్తకములన్నియు ఇద్దరమును పంచుకొని చదివితిమి.

చదివిన కొలది తెలిసినది ఇది. ఆ కాగితములోని ప్రశ్నలు దొంగ ప్రశ్నలు కావు. నాలుగవ శతాబ్దమునకు చెందిన రెండు గొప్ప ప్రతులు – ఒకటి సీనాయి కొండ చెంతనున్న మఠములో దొరికినది, మరియొకటి వాటికను గ్రంథాలయములో నున్నది – మార్కు సువార్తను పదునారవ అధ్యాయము ఎనిమిదవ వచనముతోనే ముగించుచున్నవి. నాలుగు సువార్తలలో ఏదియు తన పాఠములో వ్రాసినవాని పేరు మార్కు అనియో, మత్తయి అనియో చెప్పదు. మార్కు పేతురునకు దుబాసిగా నుండి విన్నది వ్రాసెనను మాట, రెండవ శతాబ్ది ఆదిలో పపియ అను పెద్ద చెప్పగా, నాలుగవ శతాబ్దిలో యూసేబియ తన గ్రంథమున ఎక్కించినది. ఇమాం బుఖారీ తూనికలో ఈ గొలుసు నిలుచునని మేము చెప్పలేము.

అయితే ఇంకొక వైపును కలదు. పొంతి పిలాతు కాలమున క్రీస్తుకు మరణదండన విధింపబడెనని రోమను చరిత్రకారుడు టాసిటస్ రెండవ శతాబ్దపు తొలి దశలలో వ్రాసెను. అతడు క్రైస్తవులను మెచ్చినవాడు కాడు. పిలాతు పేరుగల శిలాఖండము 1961లో కైసరయలో బయలుపడెను. యోహాను సువార్త తునక ఒకటి, అరచేయంతటి పపైరసు ముక్క, పిలాతు ఎదుట జరిగిన సంభాషణను మోయుచు ఇంగ్లండులోని మాంచెస్టరులో నున్నది. అది రెండవ శతాబ్దమునకు చెందినదని పండితులు సాధారణముగా నెంచుదురు. లూకా తాను కన్నులార చూచినానని చెప్పుకొనలేదు. చూచినవారి వలన వచ్చినదానిని విచారించి వ్రాసితినని మొదటి వాక్యములోనే ఒప్పుకొనెను. అన్నింటి కంటె మమ్ము కదలించినది వేరొకటి. పేతురు బొంకినాడని సువార్తలు దాచలేదు. శిష్యులు పారిపోయిరని దాచలేదు. సొంత బంధువులే యేసును మతి తప్పినవాడనుకొనిరని మార్కు దాచలేదు. లేచిన ప్రభువును చూచిన పిదపను కొందరు సందేహించిరని మత్తయి తన కడపటి పుటలోనే వ్రాసెను. రెండవ శతాబ్దిలో తతియాను అనువాడు నాలుగు సువార్తలను కలిపి, భేదములు సవరించి, ఒక్క కథగా కూర్చెను. ఆ కూర్పు సిరియా దేశమున చాలకాలము వాడుకలో నుండెను. అయినను తుదకు సంఘము నాలుగింటినే నిలుపుకొనెను. భేదములున్నవని తెలిసియే నిలుపుకొనెను.

ఇది మా బుద్ధికి కొంత ఊరట. కాని బుద్ధికి దొరికిన ఊరట గుండెకు చాలునా? ఆ సంవత్సరము దసరా సెలవులలో ఆ పరీక్షయు వచ్చినది.

చెనక్కాయ పెరుకు దినములు. పెరికి కుప్ప వేసిన చెట్లను ఎత్తుచుండగా, కుప్ప క్రిందనుండి రక్తపింజర మాలో చిన్నవాని మడమపై కాటువేసెను. పొలము గట్టు దాకా వచ్చుసరికే కాలు ఉబ్బెను. ఆ దినమున ఎక్కడినుండియో వచ్చిన ఒక బోధకుడు మా ఇంట బస చేసి యుండెను. ఆయన చిన్నవాని తలపై చేయి యుంచి, మార్కు సువార్త కడపటి వచనములను ఎత్తి, విశ్వసించినవారికి పాము విషము హాని చేయదని ప్రభువే సెలవిచ్చినాడు గదా, ఆసుపత్రికి పోవుట అవిశ్వాసమగునని గట్టిగా పలికెను. సంఘములో ఇద్దరు ముగ్గురు ఆమెన్ అనిరి. మా అమ్మ ఎవరి ముఖమును చూడవలెనో తెలియక మా నాయన ముఖము చూచెను.

పెద్దవాడు ఆ క్షణమున గొంతు పెగల్చుకొని, ‘ఆ వచనములు పాత ప్రతులలో లేవు’ అని అరవదలచెను; మాట రాలేదు. మా నాయనకు ప్రతుల సంగతి తెలియదు. ఆయన బోధకునికి నమస్కరించి, “మీరు ప్రార్థన చేయండయ్యా, మేము దావలో చేసుకుంటాము” అని, పొరుగింటి ముస్లిము ఆటోవానిని పిలిచి, చిన్నవానిని ఒడిలో పండుకొనబెట్టుకొని హిందూపురమునకు బయలుదేరెను.

ఆసుపత్రిలో డాక్టరుగారు చిన్నవాని నెత్తురును గాజు గొట్టములోనికి తీసి బల్లమీద నిలిపి, ఇరువది నిమిషములు దానిని కదలింపవద్దనిరి. ఆలోపల గడ్డకట్టెనా మేలు. గడ్డకట్టకున్న విషము నెత్తురునకు ఎక్కినట్లు. ఆ 20 నిమిషములు మేము గొట్టము వంకనే చూచితిమి. గొట్టము వంచినపుడు నెత్తురు నీరువలె జారెను. విషమునకు విరుగుడు మందు రాత్రియంతయు ఎక్కించిరి. నాలుగవ నాటికి చిన్నవాడు లేచి కూర్చుండెను. ఈ వాక్యములు వ్రాయు కలమును మేము వంతులవారీగా పట్టుకొనుచున్నామన్న, అది ఆ మందు వలన, ఆ ఆటో వలన, మా నాయన వివేకము వలన.

ఊరికి వచ్చిన రాత్రి పెద్దవాడు ఉండబట్టలేక చెప్పెను: “నాయనా, ఆ మాట మార్కు రాసింది కాదంట. పాత ప్రతుల్లో లేదంట.” చెప్పిన వెంటనే, ముప్పది ఏండ్లుగా ఆయన చదివిన పుటను చింపివేసినట్లు తోచి భయపడితిమి. మా నాయన చాలసేపు బదులాడలేదు. చుట్ట ఆర్పివేసి ఇట్లనెను:

“లేకపోతే లేదని చెప్పల్ల అబ్బోడా. దేవుని పుస్తకానికి అబద్ధాన్ని కావలి పెట్టేదేంటికి?”

మరికొంత సేపటికి మరల అడిగెను: “మరి ఆ పాత పుస్తకాల్లో యాడికి నిలిచిపోతాది?”

సమాధి యొద్దకు పోయిన స్త్రీలు దానిని ఖాళీగా చూచి, వణకుచు పారిపోయి, భయము చేత ఎవరితోను ఏమియు చెప్పలేదను చోట ఆగునని చెప్పితిమి. మా నాయన చీకటిలో నవ్వినట్లు తోచెను. “ఎవురికీ చెప్పకపోతే మనదాకా ఎట్లొచ్చింది? యాన్నో ఒగ చోట ఆ భయం తీరింటాది” అనెను.

పండితుల గ్రంథములలో మేము వెదకినదానిని అయిదవ తరగతి చదివిన రైతు ఒక్క మాటలో మా ముందుంచెను. అయినను మా సందేహము ఆ రాత్రితో తీరెనని వ్రాసినచో అది అసత్యమగును. ఈ వచనములు కావన్నప్పుడు వేరే వచనముల మాటేమి? కనాను పెండ్లి విందు మాటేమి? లాజరు మాటేమి? ఇట్టి రాత్రులు మాకు ఇప్పటికిని కలవు. చరిత్రకు అందునది ఎంత, అందనిది ఎంత అని మేము గీత గీసికొంటిమి. యేసు అను బోధకుడు గలిలయలో తిరిగెననియు, పిలాతు కాలమున సిలువ వేయబడెననియు చెప్పుటకు చరిత్ర చాలును. సిలువ విషయమున మా ముస్లిము మిత్రుని నమ్మకము వేరని మేమెరుగుదుము. ఆతని యెడ గౌరవముతోనే మా మాట చెప్పుచున్నాము. ఆ యేసు మూడవనాడు లేచెననుటకు శాసనము లేదు, ఉండదు. అక్కడ మేము నిలుచున్నది సాక్ష్యము మీద, విశ్వాసము మీద. సాక్ష్యమును రుజువని పిలిచి మిత్రులను మోసగింపము. రుజువు కాదని చెప్పి దానిని పారవేయము.

మా ఊరి గుడిలో ఒక స్తంభము కలదు. సుమారు డెబ్బది స్తంభములలో అదొక్కటి నేలను సరిగా తాకదు. యాత్రికులు దాని క్రింద గుడ్డను దూర్చి అవతలికి లాగి ఆశ్చర్యపోదురు. పూర్వమొక ఇంగ్లీషు ఇంజనీరు దాని మర్మము కనుగొన దానిని కదలింపబోగా పైకప్పు కదలెనని గైడులు చెప్పుదురు. సెలవులలో మా ఊరికి వచ్చిన హేతువాది మిత్రునికి దీనిని చూపి, “ఒక స్తంభం నేల తాకకపోతే మండపం కూలిపోలేదు గదా” అంటిమి. అతడు నవ్వి, “పోలిక బాగుంది. కానీ పోలిక జవాబు కాదప్పా. ఎన్ని స్తంభాలు తాకకపోతే మండపం కూలుతుందో చెప్పండి” అనెను. ఆతని మాట న్యాయమైనది. మేము బదులు చెప్పలేదు. కాని గుడ్డను ముగ్గురమును కలిసి లాగితిమి.

గంజి మాటకు మాత్రము బదులు చెప్పితిమి. 1876–78 నాటి మహాక్షామము మన సీమను ఎంత పీల్చినదో అందరెరిగినదే. ఆ కరవు కాలమున ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున బీదలకు పని చూపించిరి. గంజి కొరకు మతములోనికి వత్తురని సందేహించి ఆయనయే కరవు సాయము జరుగునంత కాలము బాప్తిస్మములు నిలిపివేసిరి; పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మా పూర్వులలో ఆకలితో వచ్చినవారుండవచ్చును. ఆకలితో వచ్చుట సిగ్గుపడవలసిన పని కాదు. గంజి కుండ ఎన్నడో ఖాళీ అయినది, వారు మరలిపోలేదు. ఈ మాటకు మిత్రుడు తల ఊపి, ఆ చివరి వాక్యమును తానే కొట్టివేసెను.

ముస్లిము మిత్రునికిని మేము చెప్పగలిగినది కొంత కలదు. మా గొలుసు మొదటి కొసన కొన్ని కడియములు మాకు కనబడవు. ఈ కొసన మాత్రము కనబడును. విశాఖపట్టణములో లండన్ మిషనువారైన క్రాను, డెగ్రాంజిలు ఆనందరాయరు అను తెలుగు పండితుని తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేసిరి; అవి అచ్చై రాకముందే ఆ దొరలిద్దరును మరణించిరి. మత్తయి, మార్కు, లూకా – ఆ మూడే – 1812లో శ్రీరాంపురమున అచ్చైనవి. ఆనాటి నుండి మా నాయన కంఠము వరకు ఎందరో చదివిరి, ఎందరో వినిరి. “అది ఇస్నాద్ కాదు భాయీ” అని అతడనెను. “కానీ మంచి మాటే” అని చేర్చెను.

విశ్వాసమును నాస్తికతయు ఒక ఇంట ఇముడవని కొందరందురు. మన తెలుగునాటనే దానికి ఉదాహరణము కలదు. ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన గుఱ్ఱము జాషువా కవిగారి కుమార్తె హేమలత. ఆమె నాస్తిక కేంద్ర స్థాపకులైన గోరాగారి కుమారుడు లవణమును 1960లో వివాహమాడిరి. స్టూవర్టుపురములో నేరస్థులను ముద్రపడిన కుటుంబముల కొరకు, జోగినీ దురాచార నిర్మూలనము కొరకు ఆమె చేసిన సేవను ఆస్తికులును నాస్తికులును కొనియాడిరి. క్రీస్తును గానము చేసిన తండ్రి ఒక ప్రక్క, దేవుని కాదన్న మామగారు ఒక ప్రక్క. నడుమ ఆమె సేవ. మా వసతిగృహపు గది అంతకన్న ఇరుకైనదేమి కాదు.

గత వేసవిలో మా నాయన గుండెపోటుతో మరణించిరి. అయ్యగారు దూరమున నున్నందున సమాధి యొద్ద వాక్యము చదువవలసిన వంతు మాకు వచ్చినది. పురికొస విప్పి, మార్కు సువార్త పదునారవ అధ్యాయము తీసితిమి. మొదటి వచనము నుండి చదివి, ఎనిమిదవ వచనము దగ్గర, ఆ స్త్రీల భయము దగ్గర, ఆపి, గ్రంథము మూసితిమి. పెద్దలలో ఒకరు ‘ఇంకా ఉంది గదప్పా’ అని మెల్లగా అనిరి. మా అమ్మ తల అడ్డముగా ఊపెను. నాటి రాత్రి మా నాయన అన్న మాట ఆమెయు గడపలో కూర్చుండి విన్నది. ఆ సమయమున మాకును భయముగానే యుండెను. రుజువులేవియు మా చేతిలో లేవు. కాని ‘యాన్నో ఒగ చోట ఆ భయం తీరింటాది’ అన్న ఆ స్వరము మా చెవిలో నుండెను. మా విశ్వాసము ఎంతటిదని ఎవరైన అడిగిన, అంతటిదేనని చెప్పుదుము.

మిత్రులిద్దరును రాత్రి బస్సెక్కి వచ్చి యుండిరి. ముస్లిము మిత్రుడు మూడు పిడికిళ్ళ మన్ను వేసెను; మాకును అదియే ఆచారము. హేతువాది మిత్రుడు ప్రార్థన వేళ కన్నులు మూయలేదు. కాని తలపై గుడ్డ తీసి, తుది వరకు ఎండలో నిలిచెను.

సోదర విద్యార్థులారా, ఈ కళాశాలలో మూడు నాలుగు విశ్వాసములవారము, ఏ విశ్వాసమును లేనివారము కలిసి చదువుచున్నాము. ఒకరి గ్రంథమును గూర్చి ఒకరము ప్రశ్న వేయుట తప్పు కాదు. ఎగతాళి చేయుట తప్పు. ప్రశ్న విన్నవాడు కోపగించుకొనక గ్రంథాలయమునకు పోవుట మేలు. మా మిత్రుడు ప్రశ్నలు వ్రాసి యిచ్చిన ఆ కాగితమును మేము పారవేయలేదు. ఒక్క వాక్యము కొట్టివేయబడి, తక్కినవన్నియు అట్లే నిలిచి, అది నేటికిని మా నాయన బైబిలులో మార్కు సువార్త కడపటి పుటలో భద్రముగా నున్నది.